బెంగాలీ నాలుగు

అది ఎనిమిది కాదట, నాలుగట. బస్సు నొసటి మీద రాసి ఉన్న అంకెను కండక్టరు వేలితో గాలిలో మళ్ళీ రాసి చూపించి మరీ చెప్పాడు, పైన ఒక సున్న, కింద ఒక సున్న, నడుం దగ్గర చిన్న మెలి. "ఆట్ కోథాయ్, దీదీ? ఎటా చార్. బాంగ్లా చార్." ఎనిమిదెక్కడమ్మా, ఇది నాలుగు, మా బెంగాలీ నాలుగు, అని. పక్క సీటు ముసలాయన నవ్వాడు, చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడా నవ్వింది, ఈ ఊళ్ళో పుట్టి పెరిగి నలభై నాలుగేళ్ళు వచ్చిన మనిషికి బెంగాలీ నాలుగు తెలియకపోవడం ఏమిటని. కుసుమకుమారికి నవ్వు రాలేదు. రాడ్డు పట్టుకుని నిలబడి, మరి దాదా, తొమ్మిదిలా తోక వేలాడేసుకుని ఇంకోటి ఉంటుందే, అదో, అని అడిగింది. అడక్కుండా ఉంటే ఇంకో గంటైనా సుఖంగా ఉండేది, అడిగింది. "ఓటా సాత్" అన్నాడు, అది ఏడు, అని టికెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు. నాలుగు, నాలుగు, ఏడు. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది కాదు. నాలుగు, నాలుగు, ఏడు. లెక్కలు రాని మనిషేం కాదు, రైల్వే బడిలో కుట్టుపని టీచరు, జాకెట్టు గుడ్డ కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, కాని స్టేషన్ వచ్చేదాకా ఆ మూడూ కూడడానికి మనసు ఒప్పలేదు.

ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం సంగతి కొత్తవాళ్ళకి చెప్పినా నమ్మరు, ఒక కొసన నిలబడితే రెండో కొసనున్న మనిషి గింజంత కనిపిస్తాడు, ఆ పొడుగులో సగం నడిచి, మంచినీళ్ళ కొళాయి పక్కన బెంచీ ఖాళీగా కనబడితే కూలబడింది. ఆదివారం మధ్యాహ్నం రెండుంబావు. చక్రధర్‌పూర్ నుంచి టాటా మీదుగా రెండింటికి రావలసిన పాసింజరు ముప్పావుగంట ఆలస్యం అని నల్లబల్ల మీద సుద్దతో రాసిపెట్టారు, ఇంగ్లీషు అంకెలతోనే, రైల్వేవాళ్ళది అంతా ఇంగ్లీషే కదా, క్వార్టరు నంబరు ఇంగ్లీషు, పాసు నంబరు ఇంగ్లీషు, జీతం చీటీ ఇంగ్లీషు. నాన్నగారు బి.ఎన్.ఆర్. రైల్వే రోజుల్లో, రైలుపెట్టెలు బాగుచేసే కారేజీ షాపులో ఫిట్టరు, ఇంట్లో తెలుగు, గోడకి తెలుగు పంచాంగం, గోల్‌బజార్లో కూరలు బెంగాలీలో బేరమాడటం, బడిలో హిందీ. బెంగాలీ ఆమెకి నోట్లోకి వచ్చింది గాని కంట్లోకి రాలేదు. ఎవరితోనైనా గంటసేపు దెబ్బలాడగలదు, ఆ దెబ్బలాట కాగితం మీద పెడితే ఒక్క ముక్క చదవలేదు. ఇన్నాళ్ళూ ఆ లోటు తెలియనే లేదు, బస్సు నంబరు చదవాల్సిన అవసరమేమిటి, ఎక్కడికైనా కాలినడకే. ఇవాళ కొత్త చీర నలగకూడదని, చెమట పట్టకూడదని, తన అక్క, అప్ప, బండి దిగేసరికి మొహం తేటగా ఉండాలని బస్సెక్కింది.

చేతిసంచీలోంచి కార్డు తీసింది. తీయకపోయినా కళ్ళముందే ఉంది గాని, తీసింది. ఫోటో సంఘం వాళ్ళ కార్డు, పైన అచ్చులో సంఘం పేరు, కింద మూడు గళ్ళు, ముగ్గురు జడ్జీలకి మూడు, ఒక్కొక్కరు పదికి ఇన్నని వేస్తారు. మొత్తం వేసే గడి ఖాళీగా వదిలేస్తారు, మొత్తం సభలోనే చదువుతారు, అదొక సరదా వాళ్ళకి. కిందటేడు దాకా ముగ్గురి అంకెలూ కార్డులోకి ఎక్కించింది ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన, గుండ్రంగా, ముత్యాల్లా, ఎవరికైనా అర్థమయ్యే ఇంగ్లీషు అంకెలు. ఆయన పిల్లలతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, ఆయన కుర్చీలోకి మిడ్నాపూర్ నుంచి ఒక బెంగాలీ మేష్టారు వచ్చాడు, ఆయన తన చేతికి అలవాటైన అంకెలు రాశాడు. ఆయన తప్పేముంది. బెంగాల్లో ఉండి బెంగాలీ నాలుగు రాయకపోతే ఏ నాలుగు రాస్తాడు. తప్పు కంటిది. కంటిది కూడా కాదేమో, ఆకలిది. తొమ్మిది రోజుల కిందట ఈ కార్డు వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి చదువుకుంది, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, కలిపితే ఇరవై అయిదు, ముప్పైకి ఇరవై అయిదు, లోపలికి వెళ్ళి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది. ఒకళ్ళకైనా చూపించి ఉంటే, ఎదురింటి బెంగాలీ వదినమ్మకి, బౌదికి చూపించినా, ఒక్క చూపులో చెప్పేది. చూపించలేదు. నోటితో చెప్పుకుంది గాని కార్డు ఎవరికీ ఇవ్వలేదు. మొదట అప్ప చూడాలని.

నోటితో మాత్రం చెప్పొద్దూ, బాగానే చెప్పుకుంది. గోల్‌బజార్లో స్టూడియో జ్ఞానరత్నానికి చెబితే, అతను చీకటిగదిలోంచి ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి, "ఇరవై అయిదా! టీచరమ్మా, పదేళ్ళ నుంచి మీ ఫోటోలు కడుగుతున్నాను, మీకు పదమూడు దాటి రాగా నేను చూడలేదు. ఆ జడ్జీలు కళ్ళజోడు మార్చినారేటి?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. "మీ కడుగుడు మెరుగయిందేమో" అంది. "నా కడుగుడికేటి, అప్పుడూ ఇదే హైపో మందు ఇప్పుడూ ఇదే హైపో మందు. ప్రైజొస్తే ఊరకే వదల్ను, చింతపండు పులిహోర కావాల నాకు" అన్నాడు. పాపం ఇవాళ నాలుగింటికి సభకి వస్తానన్నాడు, షాపు మూసుకుని. బడి హెడ్మిస్ట్రెస్ కూడా వస్తానంది. వాళ్ళందరూ వచ్చి ముందు వరసలో కూర్చుంటారు, పేర్లు చదువుతారు, ఈవిడ పేరు రాదు. అది పోనీ. వాళ్ళముందు తల వంచుకోవడం కొత్తేం కాదు. కాని అప్పకి కూడా రాసింది కదా. నాలుగేళ్ళ తర్వాత మొట్టమొదటి కార్డు ముక్క. అప్పా, నా ఫోటోకి ముప్పైకి ఇరవై అయిదు వచ్చినాయి, ప్రైజు ఖాయం, వచ్చే ఆదివారం పాసింజరుకి వచ్చెయ్యి, బావగారి పాసు ఉంటుంది కదా, స్టేషన్‌కి నేనే వస్తాను. అప్ప జవాబు రాయలేదు. అప్ప ఎప్పుడూ రాయదు, వచ్చే మనిషైతే వచ్చేస్తుంది, రాని మనిషైతే రాదు.

కెమెరా సంగతి తలుచుకుంటే ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది. కొనాలని కొన్నది కాదు. రైళ్ళలో జనం మరిచిపోయిన సామాను ఏడాదికోసారి గూడ్సు షెడ్డు దగ్గర వేలం వేస్తారు, యాభై ఎనిమిదిలో గొడుగు కోసం వెళ్ళింది. గొడుగులు విడిగా ఇవ్వరట, రెండు గొడుగులు, ఒక కూజా, ఒక తోలుపెట్టె, అంతా కలిపి ఒక లాటు. గొడుగుల్లో ఒకటి చిల్లు. తోలుపెట్టెలో డబ్బా కెమెరా. అందులో అప్పటికే ఎవరో సగం తీసిన ఫిల్ము ఉంది. జ్ఞానరత్నం కడిగి ఇస్తే అయిదు బొమ్మలు వచ్చాయి, ఎవరో ఏ ఊరో తెలియదు, ఒకావిడ మెట్ల మీద కూర్చుని పిల్లకి జడ వేస్తోంది, ఒకాయన లుంగీతో వేపపుల్ల నోట్లో పెట్టుకుని కెమెరా వైపు చెయ్యి అడ్డం పెడుతున్నాడు. పెళ్ళయిన మూడో ఏట ఫైర్‌మన్ మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి, నాన్నగారు రిటైరయ్యి, క్వార్టరు వదిలేసి, కాలం చేశాక ఒంటిగది క్వార్టర్లో ఒక్కతే ఉంటున్న మనిషి, ఆ అయిదు బొమ్మలూ గూట్లో పెట్టుకుంది. సాయంత్రం బడినుంచి వచ్చి దీపం పెట్టి వాళ్ళ వైపు చూసేది. మీ కెమెరా నా దగ్గరుందమ్మా, జాగ్రత్తగానే ఉంది, అని చెప్పుకునేది. తరవాత ఎప్పుడో, వీళ్ళు నన్నెరగరు, నేనూ ఎవరినో ఒకళ్ళని తీస్తే ఎక్కడో ఎవరింటి గూట్లోనో ఉంటారు కదా అనిపించి, మొదటి ఫిల్ము కొంది.

పోటీలకి పంపమన్నది జ్ఞానరత్నమే. మొదటి ఏడు, అరవై రెండులో, పదకొండు. ముప్పైకి. ఫరవాలేదు, మొదటిసారి కదా అనుకుంది. రెండో ఏడు ఆర్నెల్లు కష్టపడి, ఆరేసిన చీరల వరసల నీడలో నిద్రపోతున్న ముసలమ్మని తీసి పంపితే తొమ్మిది. పదకొండు నుంచి తొమ్మిది. కార్డు వెనక ఒక జడ్జీ ఇంగ్లీషులో ఏదో గిలికాడు, హెడ్మిస్ట్రెస్ చదివి చెప్పింది, రైల్వే ఊళ్ళో ఉంటూ రైలేదీ, ఊపేదీ, కదలికేదీ అని. ఆ మాట పట్టుకుంది ఆమెని. మాట కాదు, ఆ తొమ్మిది పట్టుకుంది. అన్నం తింటుంటే తొమ్మిది, గుడ్డ కత్తిరిస్తుంటే తొమ్మిది. ఎవరో ముగ్గురు మగవాళ్ళు, ఆమె మొహం కూడా ఎరగరు, ఒక బల్ల దగ్గర టీ తాగుతూ ఆ ముసలమ్మ నిద్రని చూసి మూడు, మూడు, మూడు అనేశారు. నీ కన్ను ఇంతే అన్నట్టు. ఇంకో కన్ను ఎక్కడ తెచ్చుకుంటుంది. రైలు కావాలి, ఊపు కావాలి, సరే, రైలే తీస్తాను అనుకుంది. అలా అనుకున్న రెండు నెలలకి చక్రధర్‌పూర్ నుంచి టెలిగ్రాం వచ్చింది, అమ్మకి సీరియస్, వెంటనే బయల్దేరు అని.

అమ్మ ఉండేది అప్ప సత్యవాణి దగ్గర. అప్ప మొగుడు గార్డు, స్టేషన్‌కి నాలుగడుగుల్లో పెద్ద క్వార్టరు. ఆ రోజు పొద్దుటి పాసింజరు టైముకే వెళ్ళింది, అదీ విచిత్రమే, ఎప్పుడూ టైముకి వెళ్ళని బండి. సాయంత్రం అయిదున్నర, ఎండ పక్కవాటుగా పడుతోంది. దిగింది. చేతిలో గుడ్డసంచీ, భుజాన కెమెరా, ఎందుకు తెచ్చావంటే ఏం చెబుతుంది, భుజానికి అలవాటు. ప్లాట్‌ఫారం చివర ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం, ఏనుగు తొండంలా వంగి, దాని మూతినుంచి చుక్క చుక్క కారుతోంది, ప్రతి చుక్కలోనూ ఎండ. అవతలి లైను మీద ఇంజను ఒకటి నెమ్మదిగా గొట్టం కిందికి వస్తోంది, ఆవిరి వదులుతూ. ఆ ఆవిరి ఎండలోకి వచ్చిందంటే, గొట్టం నల్లగా, ఆవిరి తెల్లగా... ఒక్క నిముషం అనుకుంది. ఇంజను గొట్టం కిందికి రావడానికి ఒక్క నిముషం. అది ఆగింది, మళ్ళీ కదిలింది, ఫైర్‌మన్ ఎవరితోనో మాట్లాడాడు, ఆమె కెమెరాని పొట్టకి ఆనించుకుని ఊపిరి బిగపట్టి నిలబడింది. పది నిముషాలు. అమ్మ ఉందని, అమ్మ అక్కడ మంచం మీద ఉందని, ఆ పది నిముషాలూ జ్ఞాపకం లేదు. ఈ మాట ఎవరు నమ్ముతారు. మరిచిపోవడమంటే అలాంటి మరుపు, మనిషి మొత్తంగా కంట్లోకి వెళ్ళిపోతుంది, వెనక ఏమీ మిగలదు. మీట నొక్కింది, ఆ క్షణమే అంతా తిరిగి వచ్చి మీద పడింది, పరుగెత్తింది.

గుమ్మంలోకి వెళ్ళేసరికి ఏడుపులు. "ఇప్పుడేనే, పది నిముషాలు కాలేదే" అంది అప్ప, రెండు చేతులూ పట్టుకుని. "బండి కూసింది, అమ్మా, కుసుమ వచ్చీసింది, ఇదిగో వచ్చీసింది అని నేను చెవిలో చెప్తూనే ఉన్నాను. గుమ్మంకేసి చూస్తూనే పోయింది. ఏటే ఇంతసేపు చేసినావు?" నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది, ముందే అక్కడ సిద్ధంగా కూర్చున్నట్టు. "బండి ఔటర్లో ఆపీసినాడప్పా." అంతే. స్టేషన్ బయట సిగ్నలు దగ్గర బండి ఆగిపోయింది, నా చేతిలో ఏముంది, అని. రైల్వేవాళ్ళలో ఆ మాటకి ఎదురులేదు, పెళ్ళి ముహూర్తం తప్పినా, డ్యూటీకి ఆలస్యమైనా, ఔటర్లో ఆపేశాడంటే అందరూ నోరు మూసుకుంటారు. అప్ప కూడా నోరు మూసుకుంది. తల నిమిరింది కూడా. ఆ నిమరడం ఇప్పటికీ నెత్తి మీద ఉంది.

అమ్మది ఒక్క ఫోటో కూడా లేదు. ఎవరు తీస్తారు అమ్మలని ఆ రోజుల్లో. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు సవరించి, తల వాలిపోకుండా వెనకనుంచి తుండుగుడ్డ కట్టి, "నువ్వు తీస్తావు కదే, ఒక్కటి తీ" అంది అప్ప, అమ్మ పక్కన తను నిలబడి. చీకటి పడుతోంది, నొక్కింది. ఒక్కటే. ఈ డబ్బా కెమెరాకి ఒక దుర్గుణం ఉంది, బొమ్మ తీయగానే మరచిపోకుండా ఫిల్ము చుట్ట తిప్పాలి, వెనక ఎర్రకంతలో తరవాతి అంకె కనబడేదాకా తిప్పాలి, లేకపోతే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. గొట్టం తీసి పరుగెత్తిన మనిషి ఎక్కడ తిప్పుతుంది. జ్ఞానరత్నం కడిగి, తడి కాగితం పట్టుకుని బయటికొచ్చి చేతికిచ్చాడు. అమ్మ మొహం ఉంది, బాగానే ఉంది, కాని నొసటి మీదుగా నల్లటి గొట్టం, అప్ప ఉన్నచోట అంతా ఆవిరి. "గీకి తీసీమంటే తీసీగలను గాని టీచరమ్మా, గొట్టంతోపాటు అమ్మగారి కళ్ళు కూడా పోతాయి" అన్నాడు. ఉన్నది అదొక్కటే, దాచుకోవడానికి లేదు, పంచుకోవాలి. మాసికానికి పట్టుకెళ్ళింది. అప్ప చాలాసేపు చూసింది. గార్డు పెళ్ళాం, స్టేషన్లో ఏది ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. "బండి ఔటర్లో ఆగిందన్నావు. ఈ గొట్టం ఔటర్లో ఉందేటి?" అంది. గట్టిగా కూడా అనలేదు. కుసుమకుమారి నేల చూసింది. జవాబు చెప్పలేదు, ఆ పూటా చెప్పలేదు, ఆ తరవాత నాలుగేళ్ళూ చెప్పలేదు. నేల చూస్తూనే భోజనం చేసి, నేల చూస్తూనే బండెక్కి వచ్చేసింది.

ఆ తరవాత పన్నెండు, పది, పదమూడు. మానలేదు. మానితే ఆ పది నిముషాలు ఒట్టి పది నిముషాలయిపోతాయి, ఒక పిచ్చిది దారిలో నిలబడిపోయింది, అంతే. మానకుండా, ఎప్పుడో ఒకసారి, ముగ్గురు పెద్దమనుషులు కాగితం మీద రాసి, అవును, ఈవిడకి కన్ను ఉంది, ఈవిడ నిలబడితే ఊరికే నిలబడదు అంటే, ఆ కాగితం పట్టుకెళ్ళి అప్ప ముందు పెట్టొచ్చు. క్షమించమని కాదు. దీనికోసం నిలబడ్డానప్పా, ఇది చూడు, ఇదేదో ఉంది నాలో, లేనిదాని కోసం నిలబడలేదు, అని. ఏడాదికోసారి కార్డు వచ్చేది, గుమ్మంలో నిలబడి చదువుకునేది, పది, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. మార్కులు తక్కువైతే మిగతావాళ్ళు జడ్జీలని తిట్టుకుంటారు, టీ కొట్టు దగ్గర నిలబడి ఫలానావాడికి వాడు బావమరిది అని చెప్పుకుంటారు, ఆమె ఎవరినీ తిట్టలేదు, తిట్టడానికి పక్కన ఎవరైనా ఉండాలి కదా. ఒక్కటి మాత్రం జరిగింది, రైళ్ళు తీయడం మానేసింది. ఊపు లేకపోతే పోయింది.

ఈ ఏడు పంపింది బడిలో బొమ్మ. కుట్టు క్లాసులో నలభైమంది పిల్లలు, కిటికీ వెలుగు, అందరూ ఒక్కసారి సూదిలో దారం ఎక్కిస్తున్నారు. కెమెరాని బీరువా మీద పెట్టి, మూత ఒక క్షణం పూర్తిగా తెరిచి ఉంచాలి, అంతసేపు ఎవరూ కదలకూడదు, పిల్లల్ని కదలొద్దంటే కదులుతారు, నవ్వుతారు, దగ్గుతారు. సూదిలో దారం ఎక్కించమంటే కదలరు. ఇది ఏ జడ్జీకీ తెలియదు, ఇరవై ఏళ్ళు కుట్టుపని నేర్పినదానికే తెలుసు, సూది బెజ్జం దగ్గర మనిషి ఊపిరి కూడా ఆపేస్తుంది. ముప్పై తొమ్మిది వంచిన తలలు, ముప్పై తొమ్మిది పాపిళ్ళు. చివరి బెంచీలో ఒక్క పిల్ల, దానికి దారం ముందే ఎక్కేసింది, తలెత్తి చూస్తోంది, ఎవరూ లేని వైపు. జ్ఞానరత్నం పెద్దది చేసి ఇచ్చిన రోజు దాన్ని గోడకి ఆనించి ఎదురుగా కూర్చుని, ఇది బాగుంది అని పైకే అంది, ఒంటిగదిలో, తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అందుకే ఇరవై అయిదు అంటే నమ్మింది. మరీ అంత నమ్మరానిదేం కాదు ఆ బొమ్మ.

నాలుగూ నాలుగూ ఎనిమిది, ఎనిమిదీ ఏడూ పదిహేను. ఇప్పుడు కూడింది, కొళాయి కింద ఎవరో కూజా పట్టి వదిలేస్తే నీళ్ళు పొంగి చెప్పుల దాకా వస్తుంటే. పదిహేను. అసలు చూస్తే పదకొండు, తొమ్మిది, పన్నెండు, పది, పదమూడు, పదిహేను. ఎప్పుడూ రానంత. ఆస్ట్రేలియా వెళ్ళిన ముసలాయన రాసి ఉంటే, ఇంగ్లీషులో నాలుగూ నాలుగూ ఏడూ పక్కపక్కన కనబడి ఉంటే, గుమ్మంలో నిలబడి సగం వచ్చాయి, మొదటిసారి సగం వచ్చాయని సంతోషంగా పాలు దించుకుని ఉండేది. తొమ్మిది రోజులు ఇరవై అయిదుతో కాపరం చేసి వచ్చాక పదిహేను మొహం ఎలా చూస్తుంది. పైగా పదిహేనుకి అప్పని ఎలా రమ్మంటుంది, ఆ పది నిముషాలకి ఎదురుగా పదిహేను పెడితే తూగుతుందా. బండి వచ్చేస్తుంది. అప్ప దిగుతుంది, నాలుగేళ్ళలో జుట్టు నెరిసి ఉంటుంది, మోకాళ్ళు పట్టుకుని దిగుతుంది, ఏదే నీ ప్రైజు అంటుంది. ఏమని చెప్పాలి. సభ వాయిదా పడిందనాలా. జడ్జీగారికి జ్వరమనాలా. చూశారా, నోట్లో అప్పుడే వచ్చి కూర్చున్నాయి, ఔటర్లో ఆపీసినాడు లాంటివి, బెల్లం చుట్టూ చీమల్లా. వద్దు, ఈసారి వద్దు. తప్పు చదివినానప్పా, అది ఎనిమిది కాదు నాలుగు, అనాలి. నవ్వుతుందేమో. నవ్వితే బాగుండును. అప్ప నవ్వితే పళ్ళ మధ్య సందు కనబడేది, చిన్నప్పుడు అందులోంచి ఈల వేసేది, నాన్నగారు కర్ర పట్టుకుని వచ్చేవారు.

రెండూ యాభైకి బండి వచ్చింది. లేచి నిలబడింది, కార్డు సంచీలో పెట్టుకుంది, మళ్ళీ తీసి చేతిలో పట్టుకుంది. జనం దిగారు, టాటా నుంచి మనవడి పెళ్ళికి వచ్చినవాళ్ళు, డ్రమ్ములు, పరుపుచుట్టలు, కోళ్ళ గంప, ఒక గుంపు "ఓ లచ్చీ, పిల్లని పట్టుకోవే" అని మన భాషలోనే అరుచుకుంటూ పోయింది. ఆడవాళ్ళ పెట్టె దగ్గరికి నడిచింది. అక్కడినుంచి వెనక్కి, గార్డు పెట్టె దాకా, గార్డు పెళ్ళాం కదా గార్డు పెట్టెకి దగ్గరగా ఎక్కుతుందేమోనని. ముదురు రంగు చీర కనబడితే అటు నడిచేది. మొహం తిరిగితే వేరే మొహం. ఆ పొడుగు ప్లాట్‌ఫారం మీద జనం పలచబడటానికి చాలాసేపు పడుతుంది, ఎంత పలచబడినా ఇంకా ఎవరో ఒకరు దూరంగా వస్తున్నట్టే ఉంటుంది. చివరికి ఊడ్చేవాడూ, టీ కుండల ముక్కలూ మిగిలాయి. ఖాళీ పెట్టెల కిటికీల్లోంచి అవతలి ప్లాట్‌ఫారం కనబడుతోంది. అప్ప రాలేదు.

మొదట హాయిగా అనిపించింది. నిజం, దాచుకోవడమెందుకు, బతికానురా అనిపించింది, పదిహేను సంగతి చెప్పక్కర్లేదు. ఆ హాయి కొళాయి దగ్గరికి తిరిగి నడిచేంతసేపు ఉంది. అక్కడ ఒక మాట తట్టి నిలబడిపోయింది. అప్పకి తెలిసింది ఇరవై అయిదే కదా. అప్పకి నాలుగులూ ఏడులూ ఎవరూ చెప్పలేదు. ముప్పైకి ఇరవై అయిదు అని కార్డులో చదువుకుని, బావగారి పాసు బీరువాలో ఉండగా, ఆదివారం పూట పని లేకుండా ఇంట్లో కూర్చుని, రాలేదు. ఇరవై అయిదుకి కూడా రాలేదు. ముప్పై వచ్చినా రాదు. కలకత్తా పెద్దలు వచ్చి మెడలో దండ వేసినా రాదు. అప్ప ఏం అడిగింది? ఎన్ని మార్కులు వచ్చాయే అని ఎప్పుడైనా అడిగిందా? ఈ గొట్టం ఔటర్లో ఉందేటి అని అడిగింది. ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్న నాలుగేళ్ళుగా ఆ గార్డు క్వార్టర్లో మంచం పక్కనే నిలబడి ఉంటే, ఇక్కడ ఈవిడ ఏడాదికోసారి ముగ్గురు కొత్త జడ్జీల చేత దానికి జవాబు రాయిస్తోంది. ఎదర ఖాళీ బండిని షంటింగ్ ఇంజను లాక్కుపోతోంది, పెట్టె తరవాత పెట్టె, ఒక్క కిటికీలోనూ మనిషి లేడు. ఊళ్ళో ఇన్ని వేలమంది, ఇంతమందిలో ఆమెని ఆ ప్రశ్న అడిగే హక్కున్న మనిషి ఒక్కతే, ఆ మనిషిని కూడా ఇంతకాలం అంకెల వెనక నిలబెట్టింది.

అవతల చక్రధర్‌పూర్ వైపు వెళ్ళే పాసింజరు మూడుంబావుకి, మరో ప్లాట్‌ఫారం. నాలుగింటికి సభ. జ్ఞానరత్నం షాపు మూసే ఉంటాడు ఈపాటికి. బడికి రేపటి సెలవుచీటీ ఇవ్వలేదు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే దాటిపోయాయి, కాళ్ళు వంతెన మెట్లు ఎక్కుతున్నాయి. బుకింగ్ కిటికీ దగ్గర చక్రధర్‌పూర్ ఒకటి అంది, గొంతు మామూలుగానే వచ్చింది. సభలో గోడ మీద నలభైమంది పిల్లలు దారం ఎక్కిస్తూ ఉంటారు, పదిహేనుకి ఎక్కిస్తారో ఇరవై అయిదుకి ఎక్కిస్తారో వాళ్ళకేం పట్టింది, చూసేవాళ్ళు చూస్తారు.

ఆడవాళ్ళ పెట్టెలో చోటు లేదు. ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, చెవులకి బరువైన తమ్మెట్లు, వంకాయల గోనె కాళ్ళ దగ్గరికి లాక్కుని జానెడు చోటు చేసింది.

"కూకో అమ్మా కూకో. నా పేరు జోగమ్మ, నిమ్‌పురాల ఉంటాం. టాటాల మా కూతురు కాడికెల్తన్నాను. నువ్వెక్కడికి?"

"చక్రధర్‌పూర్. మా అప్ప ఇంటికి."

"అప్పకి ఒంట్లో బాగోలేదేటి? పెట్టె నేదు, సామాను నేదు, సుబ్బరంగా పెళ్ళికెల్తన్నట్టు సీర కట్టినావు."

"బాగానే ఉంది. ఒక మాట చెప్పాలి."

"ఒక్క మాటకా!" జోగమ్మ పెట్టెలో అందరికీ వినబడేలా అంది. "ఒక్క మాటకి ఇంతదూరం టిక్కట్టు కొనీసినావేటి? కార్డు ముక్క రాసి పడీలేకపోనావా?"

"కార్డు రాసినాను. అందులో వేరే మాట రాసినాను." కుసుమకుమారి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాలుగేళ్ళుగా నాలుక కింద ఉన్న మాట, ఎవరికీ చెప్పనిది, గూట్లో ఉన్న ఆ ఎవరివో మొహాలకి కూడా చెప్పనిది, ఎంత చిన్న మాటో పైకి వచ్చేదాకా తెలియలేదు. "స్టేషన్లో పది నిముషాలు నిలబడిపోయినానమ్మా."

"పది నిమిసాలకేనా ఏడుపు!" అంది జోగమ్మ. "నాను ఒంటిగంట కాడినుంచి నిల్సున్నాను, ఈ మాయదారి బండి కోసం. ఇలా సూడు, నా కాళ్ళు సూడు, ఎలా పొంగిపోనాయో." చీర కుచ్చెళ్ళు జానెడు ఎత్తి చూపించింది. నిజమే, పొంగి ఉన్నాయి, వెండి కడియాలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. కుసుమకుమారి వాటి వైపు చూసింది, అయ్యో అంది. బండి ఒక కుదుపు కుదిపి కదిలింది, చక్రధర్‌పూర్ రావడానికి ఇంకా ఆరు గంటలు ఉంది, గొంతు సవరించుకుని, "బండి కోసం కాదు జోగమ్మా, బండి టైముకే వచ్చింది" అని మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.